సగం మిగిలిన చాయ్ గ్లాసులు

నెల కిందట ఒక బుధవారం ఉదయం, ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుండగా చిన్నమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మీ కాక పోయిండు" అంది. నేనేమైనా అనేలోపే, "తలుపు పైలంగనే ఉన్నది, ఫికర్ జెయ్యకు" అని కూడా అంది. భర్త పోయిన పూట ఒక చెక్క తలుపు గురించి నాకు ధైర్యం చెప్పింది ఆ ఇల్లాలు. ఫోన్ పెట్టేశాక గడప మీదే కూర్చుని ఏడ్చాను. ఆ రోజు ఆఫీసుకి వెళ్లలేదు.

కాక నాకు రక్తసంబంధం కాదు. మా నాన్న కోస్తా నుంచి ప్రభుత్వ ఉద్యోగం మీద వచ్చి, పాతబస్తీలో రెండు గదుల వాటాలో దిగారు. గల్లీ చివర ఒక సినిమా థియేటర్ ఉండేది. దాని క్యాంటీన్‌లో చాయ్ చేసేది మా పక్కింటాయన. ఈ నగరంలో మాకు చుట్టాలెవరూ లేరు కాబట్టి గల్లీలో పిల్లలు పిలిచినట్టే నేనూ ఆయన్ని కాకా అనీ, ఆయన భార్యని చిన్నమ్మా అనీ పిలిచాను. "బాబాయిగారూ అనవే" అని మా అమ్మ కొన్నాళ్లు దిద్దింది. తర్వాత ఆవిడే కాక అనడం మొదలుపెట్టింది.

లోకంలో గొప్ప సినిమాలేవో తేల్చడానికి ఎవరి పద్ధతి వాళ్లకుంటుంది. కాక పద్ధతి చాయ్ గ్లాసు. ఇంటర్వల్‌లో జనం బయటికొచ్చి చాయ్ తీసుకుంటారు. పది నిమిషాలకి బెల్లు కొడతారు. సినిమా బాగాలేకపోతే బెల్లు వినబడ్డా కదలరు, నింపాదిగా అడుగుదాకా తాగి, ఇంకో బిస్కెట్ కూడా ముంచుకుంటారు. బాగుంటే మాత్రం చేతిలో చాయ్ ఎక్కడిదక్కడ పెట్టేసి లోపలికి ఉరుకుతారు. క్యాంటీన్‌లోవి మందపాటి గ్లాసులు, నడుము దగ్గర ఒక గీత ఉండేది. చాయ్ ఆ గీతకి పైన మిగిలితే ఆ గ్లాసు సినిమాకి పడ్డ ఓటు. అందరూ లోపలికి పోయాక కాక భుజం మీది తువ్వాలు తలకి చుట్టుకుని, వేలితో ఒక్కో గ్లాసునీ తాకుతూ లెక్కపెట్టేవాడు.

ఈ లెక్క ఏ రోజు పడితే ఆ రోజు చేసేది కాదు. రెండో వారం సోమవారం మ్యాట్నీ మాత్రమే. "మొదటి దినం ఫ్యాన్సుది, ఆదివారం ఇంటిల్లిపాదిది. రెండో సోమవారం పగటాటకు వచ్చినోడు సినిమా కోసమే వచ్చిండు" అనేవాడు. ప్రేక్షకుల్ని మాత్రం ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. ఎందుకని నేనడిగితే, "అడిగితే మంచిగున్నదనే అంటరు బిడ్డా. మనసు నొప్పియ్యొద్దని అంటరు. చాయ్‌కు గా మొహమాటం లేదు" అన్నాడు.

లెక్క తేలాక రాసేది క్యాంటీన్ అల్మారా తలుపు లోపలివైపున, ఆకుపచ్చ రంగు మీద సుద్దముక్కతో. పైనుంచి కిందికి ఇరవై వరసలు. కాకకి చదువు రాదు. నేను నాలుగో తరగతిలో ఉండగా నా దస్తూరీ చూసి మెచ్చుకుని ఆ పని నాకప్పగించాడు. సినిమా పేరు ఆయన చెప్పేవాడు, నేను స్టూలెక్కి రాసేదాన్ని. దసరాకి తలుపంతా తడిగుడ్డతో తుడిచి మొత్తం మళ్లీ రాయించేవాడు. ఆ పేర్లు ఇక్కడ చెప్పను. చెబితే మీరు వెంటనే మీ జాబితా పట్టుకుని నాతో లొల్లికి వస్తారు.

మొదటి వరస మాత్రం ఖాళీ. ఒక్క గ్లాసు కూడా గీత కిందికి పోని సినిమాకే ఆ చోటు అని కాక పెట్టుకున్న నియమం. అరవై గ్లాసుల్లో యాభై ఆరు మిగిలినా రెండో వరసే. ఒకసారి ఒక హీరో అభిమానులు పదిహేనుమంది ఈ సంగతి తెలిసి, సరిగ్గా ఆ సోమవారమే వచ్చారు. ఒక్కో గుక్క తాగి, గ్లాసులు వరసగా కౌంటర్ మీద పెట్టి, "రాయ్ కాకా, మా అన్నది నంబర్ వన్" అన్నారు. కాక కోప్పడలేదు. ఆ పదిహేను గ్లాసులూ పక్కకి జరిపి, "ఇడిచిపెట్టుడు వేరే, మరిచిపోవుడు వేరే తమ్మీ. చల్లారకముందే తాగుండ్రి" అన్నాడు. వాళ్లూ నవ్వేసి తాగారు.

అలాగని ఆయన పొరపాటే చెయ్యలేదనుకోకండి. చేశాడు, అదీ మొదటి వరస మీదే. ఆ వారం నడుస్తున్న సినిమాకి సోమవారం మ్యాట్నీలో పట్టుమని నలభై మంది లేరు. కానీ ఇంటర్వల్ అయ్యాక చూస్తే ఒక్క గ్లాసూ గీత కిందికి పోలేదు. మంది తక్కువైతేనేం, అందరూ వదిలారు కదా అని కాక సంబరం అంతా ఇంతా కాదు. నన్ను బడి నుంచి రాగానే స్టూలెక్కించి మొదటి వరసలో రాయించాడు. ఇద్దరు ముగ్గురు "ఏంది భాయ్, చాయ్ గిట్లున్నది?" అని అడిగారట. సినిమా ధ్యాసలో నోటికి రుచి తెలియడం లేదని కాక వాళ్ల మీదే జాలిపడ్డాడు.

మర్నాడు సినిమా వేసే మెషీన్ ఆపరేటర్ కాక చేసిన చాయ్ ఒక్క గుక్క తాగి గోడ మీద ఉమ్మేశాడు. పల్లీలకి వేసే ఉప్పు చక్కెర డబ్బాలో కలిసింది. ఇంట్లో డబ్బాలు నింపింది చిన్నమ్మ. కాక పని మీద ఉన్నప్పుడు చాయ్ ముట్టేవాడు కాదు కాబట్టి ఆయనకి తెలియలేదు. ఆ సినిమాని శుక్రవారమే ఎత్తేశారు.

ఉప్పు సంగతి తెలిసిన సాయంత్రమే కాక తడిగుడ్డ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. "బిడ్డా, వచ్చి తుడువు. రాసినోళ్లే తుడవాలె" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మొదటి వరసలో నా దస్తూరీ ఒక్క రోజైనా నిండుగా ఉండలేదు. మా నాన్న నా మొహం చూసి, "ఉంచెయ్యవయ్యా. ఆ తలుపు లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"నాకెరుకనే గద సారూ" అన్నాడు కాక. నేను వెళ్లి తుడిచాను. అయినా తెల్లటి మరక ఒకటి మిగిలింది. దసరాలెన్ని గడిచినా అది పోలేదు. ఇంట్లో చిన్నమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఊరందరికీ ఉప్పు సంగతి చెప్పాడని ఆవిడ కోపం.

కొన్నేళ్లకి థియేటర్ మూతబడింది. కాక యజమానిని ఇంకేమీ అడగలేదు, ఆ అల్మారా తలుపు మాత్రం అడిగి ఊడదీయించుకుని, ఆటోలో నిలువుగా పెట్టుకుని ఫలక్‌నుమాలో కొడుకింటికి తెచ్చుకున్నాడు. నేను ఉద్యోగంలో చేరి వేరే చోట ఉంటున్నా, నెలకోసారి లోకల్ రైలెక్కి వెళ్లేదాన్ని. ఒకసారి మా ఆఫీసువాళ్లు రోజూ కొట్టుకు చచ్చే జాబితాని ఫోన్‌లో చూపించాను. ప్రపంచంలోని గొప్ప సినిమాలు, ప్రేక్షకులే స్టార్లు వేసి తేల్చినవి. కాక శ్రద్ధగా విన్నాడు, కింద దాకా జరిపించి చూశాడు.

"మంచిదే బిడ్డా, ఇంతమంది ఏసిండ్రంటే ఉత్తగ ఏస్తరా? గని ఆళ్ల చాయ్ ఏమైందో ఎవలన్న చూసిండ్రా?"

"వాళ్లు ఇంట్లో కూర్చుని వేలితో నొక్కుతారు కాకా. చాయ్ ఉండదు."

కాక గోడకి ఆనించిన తలుపు వైపు చూశాడు. "గీ మొదటి జాగ ఖాళీగ పెట్టి పోతనా ఏంది?" అన్నాడు. నాతో అన్నట్టు లేదు. అలా ఖాళీగా పెట్టి పోనివ్వను అని అక్కడే అనుకున్నాను. నేనొక పట్టు పడితే ఎలా ఉంటుందో మా ఆఫీసులో అడగండి.

కాక వాళ్ల బస్తీ కమ్యూనిటీ హాలు ఆదివారం ఉదయాలు ఖాళీగా ఉంటుందని కనుక్కున్నాను. ఒక స్నేహితురాలి ప్రొజెక్టర్, తెరకి మా ఇంటి తెల్ల దుప్పటి, అద్దె కుర్చీలు, నడుము దగ్గర గీత ఉన్న గ్లాసులు. రెండేళ్లపాటు ఆదివారాలు పాత సినిమాలు వేశాం. ఆటో నడిపేవాళ్లు, గాజుల పని చేసే ఆడవాళ్లు, ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ పని మానేసిన ఇద్దరు పెద్దవాళ్లు, మొత్తం నలభై మందిదాకా వచ్చేవారు. సగంలో ఆపేదాన్ని, కాక వరండాలో చాయ్ పోసేవాడు, స్టీలు గిన్నె మీద గరిటెతో బెల్లు కొట్టేవాడు. తర్వాత ఇద్దరం గ్లాసులు లెక్కపెట్టేవాళ్లం. ముప్ఫై ఒకటి, ఇరవై ఎనిమిది, ఒకసారి ముప్ఫై ఏడు. ముప్ఫై ఏడు వచ్చిన రోజు నాకు అబద్ధమాడాలనిపించింది. కాక నా మొహం చూసి, "లెక్క లెక్కనే" అన్నాడు.

ఆ రెండేళ్లలోనే ఒక ఆదివారం అనుకోకుండా నాకో సంగతి తెలిసింది. కాక తన జీవితంలో ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు. ఇంటర్వల్ ముందు పాలు కాచాలి, తర్వాత గ్లాసులు కడగాలి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "సినిమా నేనేడ చూసిన బిడ్డా. సినిమా చూసెటోళ్లను చూసిన" అన్నాడు మామూలుగా.

అప్పటికే ఆయనకి ఆయాసం. నాలుగు గ్లాసులు పోసేసరికి గోడ పట్టుకునేవాడు. నెలన్నర కిందట ఒక ఆదివారం నేను ఆయన చేతిలోంచి గిన్నె లాక్కుని, "ఇవాళ చాయ్ నాది. మీరు లోపల కూర్చోండి" అన్నాను. "నీ చాయ్ తాగి మంది ఉరికిపోతరు" అన్నాడు. వినలేదు నేను. మొదటి వరస కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ రోజు సినిమా ఆయన జాబితాలో ఏడోది, నలుపు తెలుపుది, ఆ థియేటర్‌లోనే వారాల తరబడి ఆడింది. క్యాంటీన్‌లో నిలబడి దాని చప్పుళ్లన్నీ విన్నవాడు. హాల్లో జనం నవ్వే ముందు ప్రతిసారీ నెమ్మదిగా, "ఇగ నవ్వుతరు" అనేవాడు. నవ్వేవారు. ఒక చోట నా చెయ్యి పట్టుకుని, "ఏడ్చేది ఈ పిల్లనా? నేను ఇన్నేండ్లు ముసలామె అనుకున్న" అన్నాడు.

ఇంటర్వల్‌లో అందరూ బయటికొచ్చారు. కాక రాలేదు. నేను చాయ్ తీసుకెళ్తే ఖాళీ దుప్పటి వైపే చూస్తూ, "ఆగు, మల్ల షురూ అయితది" అన్నాడు. గ్లాసు ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. సినిమా అయ్యేసరికి చాయ్ మీద మీగడ కట్టి ఉంది. ఆయన ముట్టుకోలేదు.

ఇంటికి నడిపించుకెళ్తూ అడిగాను. "కాకా, మీ గ్లాసు నిండుగా ఉంది. రాయనా?"

"మిగిలినోళ్లయి?"

"చాలామంది అడుగుదాకా తాగారు."

"మరింకేంది? నా ఒక్కనిది లెక్కకొస్తదా? రాయకు." నాలుగడుగులు వేశాక ఆగి, ఊపిరి తీసుకుని, "గని మస్తున్నది సినిమా" అన్నాడు. తర్వాత పదిహేను రోజులకే ఆ బుధవారం వచ్చింది.

దినాలు అయ్యాక వచ్చిన ఆదివారం సినిమా వేయాలా వద్దా అని హాల్లో వాళ్లు మొహమాటపడ్డారు. వేస్తున్నాం అన్నాను. ఆయన చూసిన ఆ సినిమానే మళ్లీ వేశాం. చిన్నమ్మ కొడుకు తలుపుని మోసుకొచ్చి వరండా గోడకి ఆనించాడు. చిన్నమ్మ పక్కనే చాప మీద కూర్చుంది. చాయ్ నేను పోశాను, బెల్లు నేను కొట్టాను. అందరూ ఒక్కసారిగా లేచారు. చూస్తే నలభై ఒక్క గ్లాసులు, ఒక్కటీ గీత కిందికి పోలేదు.

ఆటో నడిపే అన్న గుమ్మం దగ్గర ఆగి, "మేడం, ఇయ్యాల పూరా లెక్క. కాక పేరు మీద ఇడిచినం. రాయుండ్రి" అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనకాల ఇంకో నలుగురు తలలూపారు. నేను సుద్దముక్క తీసుకున్నాను. రాయాలని నాకెంత ఉందో చెప్పలేను. ఆ మరక మీద సుద్ద ఆనించాను కూడా.

చిన్నమ్మ లేచి వచ్చింది. ఒక గ్లాసు తీసి చూసి, దాని మీద చెయ్యి కప్పింది.

"రాయకు బిడ్డా. ఇది గూడ ఉప్పు పడ్డ చాయే."

సుద్దముక్క తలుపు పైచెక్క మీద పెట్టేశాను. "పోండి అన్నా, మొదలవుతుంది" అని అందరినీ లోపలికి పంపి ప్రొజెక్టర్ నడిపించి వచ్చాను. మొదటి వరస నింపేదాకా ఈ ఆదివారాలు ఆపేది లేదు. నింపితే నిజమైన లెక్కతోనే నింపుతాను, ఎన్నేళ్లు పట్టినా సరే.

తువ్వాలు తలకి చుట్టుకుని కుళాయి దగ్గర కూర్చున్నాను. చిన్నమ్మ ఒక్కో గ్లాసూ వంచి ఇస్తుంటే కడిగాను. లోపలి నుంచి మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు కనిపించడం లేదు. ఇరవయ్యో గ్లాసో, ఇరవై ఒకటో చేతిలో ఉండగా ఆ మాట వచ్చింది.

"ఇగ నవ్వుతరు" అన్నాను చిన్నమ్మతో.

నవ్వారు.