ఒకే డిస్కులో పెళ్లి

బరంపురంలోని నా వీడియో దుకాణానికి ఎవరైనా డీవీడీ కోసం వస్తే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత విసుగొస్తుంది. అందరూ ఫోన్లోనే చూసేస్తున్నారు కదా! రామయ్యపట్నం నుంచి చేపలమ్మే ఆవిడ వచ్చినప్పుడూ అదే అన్నాను. ఆవిడ కూతురి పెళ్లి తీసింది నేనే. మూడు గంటల హెచ్‌డీ వీడియో పెన్‌డ్రైవులో ఇచ్చేశాను కూడా.

"మా సెల్లి ఇంట్లో పాత టీవీ, డీవీడీ ఉన్నాయి బాబూ. దానికి సూపించాల," అంది.

సంగతేమిటంటే, అక్కచెల్లెళ్లకు ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. చెల్లెలు పెళ్లికొచ్చి బంతిలో కూర్చుని భోంచేసింది. వాళ్ల ఊళ్లో అలిగినవాళ్లు వచ్చి అన్నం తింటే తగువు తీరినట్టే, వేరే మాటలక్కర్లేదు. తీరా వారం తిరక్కుండానే, వెళ్లాను గానీ మెతుకు ముట్టలేదని చెల్లెలు ఊరంతా చెబుతోందట.

"తింది. నా సేత్తోనే ఒడ్డించాను. అది కనపడాల."

"ఆ ముక్క ఒక్కటే ఎక్కించి ఇస్తాను, పట్టుకెళ్లు."

"ఒట్టి బోజనాలు పట్టుకెల్తే తగువుకొచ్చాననుకుంటది. పెళ్లి సూడమని ఇవ్వాల."

సరేనని మూడు గంటలూ ఒకే డిస్కులో కుక్కాను. నాదే బుద్ధితక్కువ. డిస్కులో పట్టేది కొంతే. గంట పెడితే బొమ్మ తేటగా ఉంటుంది, మూడు గంటలు పెడితే మొహాలు గళ్లుగళ్లుగా విడిపోతాయి. దుకాణంలో ఉన్న పాత టీవీలో వేసి చూపించాను.

"ఇదేటి, మా సెల్లికి మొకమే లేదు. నేను కాదనేస్తది."

"అయితే మూడు డిస్కులు చేస్తాను."

"పెళ్లిని మూడు ముక్కలు సేస్తావేటి? అచ్చిరాదు."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఇక మూడు గంటల్నీ గంటకు కోయడమే మిగిలింది. మొదటి వేటు నేను మురిసిపోయే డ్రోన్ షాట్ల మీద పడింది.

"ఆ ఎగిరే కెమెరా ఎందుకు? సముద్రం మాకు తెలీదేటి?"

తీసేశాను. పెళ్లికూతురి స్లోమోషన్ వచ్చింది.

"ఆ పిల్ల అంత నిమ్మలంగా ఎప్పుడు నడిసింది? తియ్యి."

నా పనితనమంతా అలా చెత్తబుట్టలోకి పోయింది. కానీ నిజం ఒప్పుకోవాలి, గంటలోకి దిగిన ఆ పెళ్లి మునుపటికంటే బాగుంది. మొదట తీసిన ఫైళ్ల నుంచే నేరుగా డీవీడీ సైజుకు తగ్గించాను, తొందరపడకుండా, ఏ సీనుకు ఎంత చోటు కావాలో తేల్చుకునేలా కంప్యూటరు చేత రెండుసార్లు చదివించి మరీ ఎక్కించాను. హెచ్‌డీ అంత తేట రాదు, రాదని ముందే చెప్పాను. అయినా బంతిలో చెల్లెలి ముక్కుపుడక కూడా కనిపించింది. నాకే గర్వమనిపించింది.

పది రోజులకు అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి దుకాణానికొచ్చారు. నేను ఊరుకోగలనా?

"ఏమ్మా, మెతుకు ముట్టలేదన్నావట?" అన్నాను చెల్లెలితో.

"తిన్నానులే బాబూ, రెండుసార్లు ఏయించుకున్నాను కూడా," అంది నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి అక్క వైపు చూసింది. "అది కాదు. బొమ్మలో సూస్తే, నేను తింటంటే ఎనకాల కూరగిన్నె పట్టుకుని మా అప్ప ఏడుస్తంది. ఆ రోజు నేను తలే ఎత్తలేదు. నాకేటి తెలుసు? మొక్కుబడికి ఒడ్డిస్తందనుకున్నాను."

ఆ షాట్‌ను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసినంతసేపూ చెల్లెలి మొహం తేటగా వచ్చిందా లేదా అనే చూశాను గానీ, వెనక నిలబడ్డావిడను నేనూ చూడలేదు.