మాస్టారు తన మీద వేసుకున్న మాట

మాస్టారు పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఆటోనగర్ షాపుల వాళ్ల గ్రూపు ఒకటుంది. మా నాన్న షాపు మూసేసి ఏళ్లయినా, ఆయన కోసం ఇచ్చిన నా నంబరు అందులో అలాగే ఉండిపోయింది. ఆ ఉదయం అందులో ఒక ఫోటో వచ్చింది. కింద ఒక వాక్యం: ‘మన బ్లాస్ట్ మాస్టారు ఇక లేరు.’ దాని కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు వరసగా ఉన్నాయి. నేనూ ఒక బొమ్మ నొక్కి, ఫోన్ బ్యాగులో పడేసి క్లాసుకి వెళ్లాను.

కానూరులో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆ రోజు పాఠం మొత్తం చెప్పాను, నోట్సు కూడా ఇచ్చాను. ముందు బెంచీలో కూర్చునే పిల్ల ఒకతె, ఒంట్లో బాగాలేదా మేడమ్ అని అడిగింది. బాగానే ఉందన్నాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ పూటకీ రాలేదు. పన్ను పీకే ముందు డాక్టరు ఇంజెక్షన్ ఇస్తే దవడ మనది కానట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్లంతా అలా ఉంది.

ఆయన్ని ఎరగని వాళ్లకి ఆయన ఎవరో చెప్పాలి. ఏదో ఎయిడెడ్ స్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆటోనగర్‌లో మా షాపు ఉన్న వీధి చివర, చిన్న పెంకుటింట్లో, ఆంటీతో ఉండేవారు. ఆంటీ అంటే ఆయన భార్య. పిల్లల్లేరు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు వసారాలో ట్యూషన్. ఆటోనగర్‌లో ఇల్లేమిటండీ, ఆ సుత్తి దెబ్బల మధ్య పాఠం ఎలా చెబుతారండీ అని ఎవరైనా అంటే, అద్దె తక్కువ, పిల్లలు ఎక్కువ అనేవారు. మెకానిక్కుల పిల్లలు, వెల్డర్ల పిల్లలు, టీ కొట్టువాళ్ల పిల్లలు, అందరం ఆ వసారాలోనే ఇంగ్లీషు నేర్చుకున్నాం.

ఎదురుగా ఎవరైనా రేకు మీద సుత్తితో మొదలుపెడితే, మాస్టారు వాక్యం మధ్యలో ఆగిపోయేవారు. విసుక్కోరు, గొంతు పెంచరు. కళ్లు మూసుకుని కూర్చునేవారు. చప్పుడు ఆగగానే, ఏ మాట దగ్గర ఆపారో సరిగ్గా ఆ మాట నుంచి మళ్లీ ఎత్తుకునేవారు. మేం మాత్రం ఏ పాఠమో కూడా మర్చిపోయి ఉండేవాళ్లం.

ఆయనకో జబ్బుండేది. జబ్బనే అనేది ఆంటీ. వీధిలో ఏ బోర్డు మీద ఇంగ్లీషు తప్పు కనిపించినా ఆగిపోతారు. వెల్డరు దగ్గర సుద్దముక్క అడిగి తీసుకుని, తప్పు మాట పక్కన చిన్న గీత పెట్టి, షాపాయన్ని పిలిచి, ఆయనతో టీ తాగి, ఆ తర్వాతే చెప్పేవారు. ముందు టీ, తర్వాత తప్పు. ఎవరికీ కోపం వచ్చేది కాదు. మాతో ఎప్పుడూ ఒక మాట అనేవారు: “తొందరగా వచ్చిన మాటని ఒక్క నిమిషం కూర్చోబెట్టండమ్మా. అది వెళ్లిపోకపోతే అప్పుడు రాయండి.” ఇంకోటి కూడా అనేవారు, తెలుగులో శుభ్రంగా చెప్పగలిగిన సంగతిని ఇంగ్లీషులోకి తీసుకెళ్లి పాడుచేయొద్దని. నేను రెండూ వినలేదు.

మా నాన్నది కంప్రెషర్ల షాపు. లారీ టైర్లకి గాలి కొట్టే మిషన్లు బాగుచేసేవాడు. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, ఒక శుక్రవారం మధ్యాహ్నం, నాన్న నమాజుకి వెళ్లిన సమయంలో, షాపులో ఉన్న పాత గాలి ట్యాంకు పగిలింది. పైకప్పు రేకులు లేచి రోడ్డు మీద పడ్డాయి. పక్క షాపు అద్దాలు రాలిపోయాయి. టీ తాగుతున్న లారీ డ్రైవరు ఒకాయనకి చెయ్యి చీరుకుపోయింది. అదృష్టం, ఎవరూ చావలేదు. పోలీసులొచ్చి చూసి, ఏం జరిగిందో కాగితం మీద రాసిమ్మన్నారు.

నాన్నకి సంతకం వరకే వచ్చు. రాసింది నేను. తెలుగులో రాస్తే సరిపోయేది. ఎవరూ ఇంగ్లీషులో అడగలేదు. నాకు వచ్చని చూపించుకోవాలి కదా. మా వీధిలో టైరు పగిలినా బ్లాస్టే, కుక్కరు మూత లేచినా బ్లాస్టే, ఆఖరికి బల్బు మాడినా బ్లాస్టే. నేనూ అదే రాశాను. మా షాపులో పెద్ద బ్లాస్ట్ జరిగింది అని, గుండ్రటి అక్షరాలతో, కింద నాన్న సంతకంతో.

ఆ రోజుల్లో పేపరు తెరిస్తే ఎక్కడో ఒకచోట పేలుళ్ల వార్త ఉండేది. ఆ మాట పక్కన మా నాన్న పేరు, నాన్న గడ్డం. ఆ కాగితం పైఅధికారుల దాకా వెళ్లిందట. శనివారం పొద్దున్నే జీపు వచ్చి నాన్నని తీసుకెళ్లింది, షాపుకి తాళం పడింది. షాపుకి ఎవరెవరొస్తారు, చుట్టాలు ఏ ఊళ్లో ఉంటారు, సరిగ్గా పేలే సమయానికి నువ్వు షాపులో ఎందుకు లేవు. అవే ప్రశ్నలు, మళ్లీ మళ్లీ. శుక్రవారం మధ్యాహ్నం మసీదులో ఉన్నానని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. ఆ రాత్రి నాన్న ఇంటికి రాలేదు.

ఆదివారం అమ్మా నేనూ స్టేషను వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మాస్టారు చర్చి నుంచి తిన్నగా అక్కడికే వచ్చారు, చేతిలో బైబిలుతోనే. ఆయన ఎక్కడికీ ప్రార్థన మధ్యలో లేచి వచ్చే మనిషి కాదు. ఆ రోజు వచ్చేశారు. అమ్మతో రెండు మాటలు మాట్లాడి, లోపలికెళ్లి, ఆ కాగితం ఒకసారి చూపిస్తారా అని అడిగారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన కాగితం చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అది ఎవరు రాశారో ఆయనకి చెప్పక్కర్లేదు. మూడేళ్లు ఆయన పెట్టిన ఒరవడి మీద దిద్దీ దిద్దీ నాకు వచ్చిన చేతిరాత అది. అక్షరం అక్షరం ఆయన చేతిరాతలాగే ఉండేది.

“ఇందులో ఒక మాట తప్పు పడిందండీ,” అన్నారు. “బ్లాస్ట్ అని ఉంది. బరస్ట్ అని ఉండాలి.”

“రెండూ పేలడమేగా మాస్టారూ,” అన్నాడు ఎస్సై.

“కాదండీ. కొండపల్లి వైపు క్వారీల్లో రాయి కొడతారు చూశారా, అది బ్లాస్ట్. మందు కూరేవాడుండాలి, నిప్పు పెట్టేవాడుండాలి. బయట ఉన్నవాటిని కొట్టడానికే అది పేలుతుంది. బరస్ట్‌కి ఎవరూ అక్కర్లేదు. లోపల గాలి ఎక్కువైపోయి, పట్టలేక, దానంతటదే పగులుతుంది, లారీ టైరులాగా. మొదటిదైతే మనిషిని వెతకాలి. రెండోదైతే తుప్పుని వెతకాలి. మీరు రెండు రోజుల నుంచీ మనిషిని వెతుకుతున్నారు.”

ఎస్సై కాగితం తన వైపు తిప్పుకుని, మరి ఇది రాసిందెవరని అడిగాడు.

చెబితే నన్నూ లోపల కూర్చోబెడతారు, నాన్న పక్కనే. నాకు పదహారేళ్లు. చెప్పకపోతే నాన్న ఎప్పటికి బయటికొస్తాడో తెలియదు. నేను నా చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను.

“నేనేనండీ,” అన్నారు మాస్టారు.

ఎస్సై నవ్వాడు. వెనకున్న కానిస్టేబుళ్లూ నవ్వారు. ముప్పై ఏళ్లు చెప్పిన ఇంగ్లీషు ఇదా అన్నాడు ఎస్సై. తొందరలో పొరపాటు పడ్డానండీ అన్నారు మాస్టారు, తల వంచుకుని. ఇంకో కాగితం తీసుకుని, సరైన మాటతో మళ్లీ రాసిచ్చారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టినా చేతిరాత ఒకటే. మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్లు వెళ్లి ట్యాంకు చూసొచ్చారు. అతుకు వెంబడి తుప్పు పట్టి చీలిపోయి ఉంది. సాయంత్రానికి నాన్నని వదిలేశారు.

బయటికొచ్చాక మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. రేపు ట్యూషన్‌కి రామ్మా, మానేయకు అన్నారంతే.

ఇక ఆటోనగర్ సంగతి మీకు తెలుసుగా. వారం తిరిగేసరికి ఆయన బ్లాస్ట్ మాస్టారైపోయారు. బోర్డు బోర్డుకీ తప్పులు పట్టిన మాస్టారే తప్పు రాసి మనిషిని స్టేషన్లో కూర్చోబెట్టాడట అని టీ కొట్ల దగ్గర ఒకటే నవ్వు. ఎక్కడ టైరు పగిలినా, మాస్టారూ, ఇది బ్లాస్టా బరస్టా అని కేకేసేవారు. ఆయన ఆగి, చిరునవ్వుతో, బరస్టేనండీ అని జవాబు చెప్పి మరీ వెళ్లేవారు. ట్యూషన్లో పిల్లలు సగమయ్యారు. ఆ తర్వాత ఆయన సుద్దముక్క అడగడం నేను చూడలేదు.

మా ఇంట్లో ముగ్గురికీ నిజం తెలుసు. నాన్న బయట చెబుతానని రెండుసార్లు బయల్దేరాడు. ఆడపిల్ల పేరు స్టేషన్లో ఎందుకని మాస్టారే ఆపారట. తర్వాత నా చదువు, నా పెళ్లి, నా ఉద్యోగం. ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరిన రోజు స్వీట్లు పట్టుకెళ్లి, ఇప్పుడైనా చెప్పేస్తాను మాస్టారూ అన్నాను. ఇప్పుడెందుకమ్మా, నాకు అలవాటైపోయింది అన్నారు. నాకు హాయిగా అనిపించింది. అదీ నిజమే, దాచను. నేను బతిమాలలేదు, రెండోసారి అడగలేదు. ఆయన వద్దన్నారు కదా అని ఇన్నేళ్లూ ఆయన్నే అడ్డం పెట్టుకుని బతికాను. సిగ్గులేని పని.

సమాధి కార్యక్రమం అయిన నాలుగో రోజున వాళ్లింటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ల ఇంటివాళ్లని ఓదార్చడానికి చర్చివాళ్లు చేసే ప్రార్థన అది. వీధిలో షాపులన్నీ ఆ పూట కట్టేశారు. ఆయన గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండని పాస్టరుగారు మైకు ఇచ్చారు. టైర్ల షాపాయన లేచాడు. మంచివాడే, ఆయన ఇద్దరు పిల్లలూ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లే. మాస్టారి మంచితనం గురించి చెప్పి, చివర్లో ఆ కథ ఎత్తుకున్నాడు. ఎంత చదివినా మనిషన్నాక పొరపాటు చేస్తాడు, మన బ్లాస్ట్ మాస్టారు కూడా చేశారు అన్నాడు. అందరూ ప్రేమగానే నవ్వారు. నేను లేచి ఇంట్లోకి వెళ్లిపోయాను.

ఆంటీ లోపల గదిలో మంచం మీద కూర్చుని ఉంది. బయటి నవ్వు విని ఆవిడా కొంచెం నవ్వుతోంది. “ఆ కథ మాత్రం వదలరు,” అంది నన్ను చూసి.

నేను కింద కూర్చుని, ఆవిడ మోకాలి మీద చెయ్యి పెట్టి, ఆ కాగితం రాసింది నేనని చెప్పాను. మొత్తం చెప్పాను. ఆయన ఆవిడకైనా చెప్పి ఉంటారని ఇన్నేళ్లూ అనుకున్నాను. చెప్పలేదు. ఆవిడ మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

“నేనూ నవ్వానే అమ్మా,” అంది. “నా మాటలు దిద్దినప్పుడల్లా, మీ ఇంగ్లీషు స్టేషన్లో చూశాంలెండి అనేదాన్ని. పదిమందిలో అనేదాన్ని. ఒక్కసారైనా నాతో అనొచ్చుగా.”

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. చీర కొంగు సర్దుకుని లేచింది. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను వెనకాలే వెళ్లాను.

షామియానా కింద టైర్ల షాపాయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆంటీ ఆయన చేతిలోంచి మైకు తీసుకుంది. జన్మలో ఎప్పుడూ మైకు పట్టుకుని ఎరగదు ఆవిడ. దాన్ని మరీ దగ్గరగా పెట్టుకుంది, ఊపిరి చప్పుడు అందరికీ వినిపించింది.

“మా ఆయనకి ఆ రెండు మాటలకీ తేడా తెలుసు,” అంది. “తెలిసే, ఆ తప్పు తనదన్నారు.”

అక్కడితో ఆపేసింది. ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ మైకు నా వైపు తిప్పింది.

నేను చెప్పాను. పదహారేళ్లప్పుడు చెప్పాల్సిన మాట, వీధి మొత్తం వింటుండగా చెప్పాను. గొంతు వణకలేదు, కన్నీళ్లూ రాలేదు. క్లాసులో అటెండెన్స్ పిలిచినట్టే చెప్పాను. టైర్ల షాపాయన నెమ్మదిగా కుర్చీలో కూర్చుండిపోయాడు. నేను చెబుతున్నంతసేపూ మైకు నా చేతికి రాలేదు. ఆంటీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, నా నోటికి దగ్గరగా, కదలకుండా నిలబడింది.