ధనభాగ్యం అత్త కోడికి వేసిన పందిరి

మా అత్త ధనభాగ్యం పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపించబోయిన వాళ్ళ పని ఇక అంతే. తమిళసీమలోని ఒర్లియంపేటలో ఆ తెలుగింటికి కోడలిగా వెళ్ళిన మొదటి వారంలోనే ఈ సంగతి నాకు తెలిసొచ్చింది. తల్లి పోయేముందు ఆమెకు ఇచ్చిన ఆస్తల్లా ఒక గంపెడు కోళ్ళు. తర్వాత పుట్టింటివాళ్ళు పొలం అమ్ముకుని తలో దిక్కుకూ పోయారు. ఆ పుట్టింటి ఊళ్ళో ఆమెదంటూ ఏమీ మిగల్లేదు. మా పెరట్లో తిరిగేవన్నీ ఆ గంపలో వచ్చిన కోళ్ళ సంతానమే. ఎవరైనా "మీ కోళ్ళు" అంటే చాలు, "మా అమ్మ కోళ్ళు" అని అక్కడికక్కడే దిద్దేది.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం వానల్లో కొక్కెర తెగులు వచ్చి గుంపునంతా ఊడ్చిపెట్టింది. ఒక ఎర్ర పెట్ట, ఒక పుంజు మిగిలాయి. మరుసటి ఏడు నడివేసవి కత్తిరి ఎండలు మొదలయ్యాయో లేదో, ఆ పుంజు కూడా మిట్టమధ్యాహ్నం నోరు తెరుచుకుని గోడవార పడిపోయింది. సరిగ్గా అప్పుడే ఎర్ర పెట్ట పొదుగుకు కూర్చుంది. బుద్ధున్న కోడి ఏదైనా అగ్గి కురిసే కత్తిరిలో గుడ్ల మీద కూర్చుంటుందా? మా అత్త కోడి కదా, కూర్చుంటుంది!

"పుంజు పోయింది. దాని ఆకరి గుడ్లు ఇవే," అంది అత్త గూటి ముందు గొంతుక్కూర్చుని. "ఈ పెట్టకు ఏమన్నా అయిందంటే మా అమ్మ కోళ్ళు భూమ్మీద లేనట్టేనే."

మా మామ విజయరంగన్ మిల్లు ఉద్యోగం అయిపోయి, వాకిట్లో పడక్కుర్చీకి కాపలా కాస్తున్న రోజులవి. "ఏమే, నీ కోడి లేకుంటే ఒర్లియంపేటకు తెల్లవారదా? ఎండకు చచ్చేలోపలే కొళంబులో పడెయ్. దానికీ పుణ్యం, మనకీ పుణ్యం," అన్నాడు. అత్త ఆ పూట ఆయనకు కొళంబు పులుసు మానేసి వట్టి చారన్నం పెట్టింది.

అయితే మొదట తప్పు చేసింది అత్తే. పెట్ట రెక్కలు చాచి రొప్పుతుంటే చూడలేక చెంబెడు నీళ్ళు తెచ్చి నెత్తిన పోసేసింది. అది చాలదన్నట్టు గూటి చుట్టూ తడి గోనెపట్టాలు బిగించింది. మా ఊరి ఎండ సంగతి ఆమెకు తెలియందా! పక్కనే సముద్రం. గాలి నిలిచిపోయిందంటే ఒళ్ళంతా జిడ్డే, ఏ తడీ ఆరదు. గూడు ఇడ్లీ కుండలా ఉడికిపోయింది. కాసేపటికి పట్టా ఎత్తి చూస్తే పెట్ట మెడ వాల్చేసి ఉంది. అత్త గోనెలన్నీ పీకి పారేసి, కాళ్ళకు చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగెత్తింది. వెనకాల నేను.

వీధి చివర డాక్టరు గారింట్లో ముని తోటపని చేసేవాడు. పిళ్ళైచావడి నుంచి రోజూ సైకిల్ మీద వచ్చే తమిళాయన. మా మధ్య తిరిగి తిరిగి తెలుగు పట్టుబడింది. ఎంత ఎండలోనైనా ప్రాణం నిలబెడతాడని వీధిలో అతనికి పేరు. ఆ ప్రాణాలన్నీ చెట్లవే అన్న మాట ఆ కంగారులో మా ఇద్దరికీ తట్టలేదు. అత్తకు బేరమాడేటప్పుడు తమిళం, గుండె అదిరితే తెలుగు. పైగా నోటినిండా తాంబూలం.

"మునీ! మా కోడి వాడిపోతా వుండాదిరా నాయనా! నెత్తిన నీళ్ళు పోస్తే ఇంకా వాడిపోయింది! ఏం చేసేది చెప్పు!"

కోడి వాడిపోవడమేమిటని అడక్కండి. మా అత్త భాషలో ఎండకు పిల్లలూ వాడిపోతారు, మొగుళ్ళూ వాడిపోతారు. కానీ తాంబూలంలో నలిగిన ఆ 'కోడి' ముని చెవిన 'కొడి' అయి పడింది. తమిళంలో కొడి అంటే తీగ. తీగ వాడిపోవడంలో వింతేముంది!

"ఎండపూట నెత్తిన తణ్ణి పోస్తారామ్మా యాడైనా? ఉడికిపోతాది!" అని కసిరాడు ముని. "వేరు కాడ మన్ను తడపండి. మన్ను సల్లగా వుంటే పైనంతా అదే తేరుకుంటాది. పడమటి పక్క కొబ్బరాకు పందిరి వెయ్యండి. గాలికి ఏందీ అడ్డం పెట్టొద్దు. పక్కనే ఒక మట్టికుండ పూడ్చి నీళ్ళు పోసి పెట్టండి, కొంచెం కొంచెంగా ఊరతా వుంటాది." మేం వెనక్కి తిరిగాక ఇంకో కేక వేశాడు. "కొసలు తుంచండమ్మా, జోరుగా వస్తాది!"

"కోడికి వేరేంది అత్తా?" అన్నాను దారిలో.

"కాళ్ళు! భూమిని పట్టుకోనుండేది అవే కదా. ఇది కూడా తెలీదా నీకు?"

ఆ సాయంత్రానికి పందిరి లేచింది. అత్త గూటి పక్కన గుంట తవ్వి కుండ పూడ్చింది. చుట్టూ మన్ను తడిపింది. తోక కొసలు తుంచడానికి కత్తెర పట్టుకుని వెళ్ళిందిగాని పెట్ట చేతిని చీరేసింది. "ఇది మాత్రం దానికి ఒప్పుదల లేదు, వదిలేద్దాం," అని కత్తెర నాకిచ్చేసింది. మర్నాడు మధ్యాహ్నం పెట్ట కాళ్ళు తడిమన్ను మీద చాచి, రొప్పడం మాని, నిమ్మళంగా ఊపిరి తీసింది. తిరిగి గుడ్ల మీదికి పోయింది. అత్త నా రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లలా ఊపేసింది.

ఇక చూడాలి ఆమె పట్టుదల! వీధి కుళాయికి అందరికంటే ముందు బిందె పెట్టేది. పగలంతా గూటి దగ్గరే విసనకర్రతో కూర్చునేది. పెట్టను లేపి చద్దినీళ్ళు తాగించి మళ్ళీ కూర్చోబెట్టేది. "నాకెప్పుడన్నా ఇట్లా విసిరినావా?" అన్నాడు మామ. "మీరెప్పుడన్నా పొదిగినారా?" అంది అత్త.

కొన్నాళ్ళకు ముని వచ్చాడు, వాళ్ళ డాక్టరమ్మ ఇచ్చిన మామిడికాయలు పట్టుకుని.

"కొడి యెట్లుండాదమ్మా? పందిరెక్కిందా?"

"పందిరెక్కేదేంది? కింద పడుకోనుండాది చూడు."

ముని వంగి చూశాడు. చూసి, పందిరి గుంజ పట్టుకుని విరగబడి నవ్వాడు. "అయ్యయ్యో, ఇది కోయి గదమ్మా! నేను మల్లెకొడి అనుకుంటిని!"

మన కోడిని తమిళంలో కోయి అంటారు. మామ పడక్కుర్చీలోంచి కిందపడేటంత నవ్వాడు. నాకూ ఆగలేదు. అత్త మాత్రం నవ్వలేదు. ఆమె చూపంతా గూటి కింద తడిమన్ను మీదే ఉంది.

"అట్లయితే ఈ తడి... గుడ్లకు మంచిదేనా మునీ?"

ముని నవ్వు ఆగిపోయింది. "నాకు తెలీదమ్మా. సత్తెంగా తెలీదు. తడికి కుళ్ళిపోయినా కుళ్ళిపోతాయేమో. నేను వట్టి చెట్లోణ్ణి."

"అదీ సంగతి," అన్నాడు మామ. "ఇంక తీసి పారెయ్. ఎండలో నువ్వు చస్తావు."

అత్త లేచి కొంగు దోపుకుంది. "దానికి తెలుసు. గుడ్లు చచ్చుంటే అది లేచిపోయేది. అది కూర్చోనుండేంతవరకు నేను నీళ్ళు పోస్తా. ఎవరు నవ్వుకున్నా సరే." కుండ మాత్రం గూటికి ఇంకాస్త దూరంగా జరిపి పూడ్చింది, గూట్లో పొడి ఇసక కొత్తగా పోసింది. ఆ రాత్రి నాతో, "నాకు బయంగా వుండాదే," అంది. పొద్దున్నే మళ్ళీ బిందె ఎత్తుకుని కుళాయి దగ్గరికి నడిచింది.

కత్తిరి పోయేముందు ఒకరోజు కుళాయికి నీళ్ళు రాలేదు. అత్త తన స్నానానికి ఉంచుకున్న నీళ్ళు తెచ్చి కుండలో పోసింది. ఆ మర్నాడు పెట్ట కింద కీచుమంది. అత్త ఒడి పట్టి కూర్చుంది, తలొంచి చూసే ధైర్యం లేక నన్ను చూడమంది. కొన్ని గుడ్లు మురిగిపోయాయి, నిజమే. మిగిలినవి పగిలి, తడితడిగా పిల్లలు బయటికొచ్చాయి. తెగులొచ్చి గంపెడు కోళ్ళూ చచ్చినప్పుడు కంటతడి పెట్టని మనిషి, పందిరి గుంజకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

వానలు పడ్డాక, పిల్లలు ఎదిగాక, ఒక పుంజునూ రెండు పెట్టలనూ ఏరి గంపలో పెట్టి మునిని పిలిచింది. అన్నిటికంటే బలమైనవి ఆ మూడే. నాకు ఒళ్ళు మండింది. "ఇంత కష్టపడి, మంచివన్నీ ఇచ్చేస్తారా అత్తా?" అన్నాను.

"నాకెందుకమ్మా కోయిలు?" అని ముని వెనక్కి జరిగాడు.

"ఒక్క ఇంట్లో వుంటే కదా అన్నీ ఒకేసారి పోయింది," అంది అత్త. "ఇంగోతూరి మా ఇంటికి తెగులొచ్చినా, మీ పిళ్ళైచావడిలో మా అమ్మ కోళ్ళు వుండాల. పెంచు. గుడ్లు నువ్వే తిను, నాకేం వద్దు."

ముని చేతులు చాచాడు. అత్త గంప అందించింది గాని వేళ్ళు వదల్లేదు. ఇద్దరూ చెరోపక్క పట్టుకుని నిలబడ్డారు. చివరికి అత్తే, "గట్టిగా పట్టుకో, సైకిల్ మెల్లగా తొక్కు," అని కసిరి, గంప వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.