కుక్కను కట్టేసి వేటకు వెళ్ళినవాడు

మావ పోయాడన్న కబురు నాకు సంత రోజు పొద్దున్న తెలిసింది. ఉప్పు బస్తా విప్పుతున్నాను. గూడెం నుంచి దిగివచ్చిన అతని తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి, "అన్న లెగనేదు సావుకారూ" అన్నాడు. బస్తా అలాగే వదిలేసి తలుపులు వేశాను. డుంబ్రిగుడలో సంత రోజున కొట్టు మూశానని తెలిస్తే మా నాన్న, బతికుంటే, నన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు.

మావ అంటే మాకు చుట్టం కాదు. మేము ఎస్.కోట వైపు నుంచి వచ్చిన వ్యాపారస్తులం. అతను మా కొట్టు వెనక గట్టు మీది గూడెం మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆ పిలుపు ఎప్పుడు కుదిరిందో గుర్తులేదు గానీ, కుదిరాక అతని భార్య నాకు అత్త అయింది, ఇద్దరూ ఆ హక్కుతో నన్ను సుబ్బరంగా తిట్టేవారు. కొట్టుకొస్తే బల్ల మీద కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. గడప పక్కన గొంతుక్కూర్చుని, నా పిండి డబ్బాలోంచి చిటికెడు తీసి, చెయ్యి బయటికి చాపి వేళ్ళ సందుల్లోంచి వదిలేవాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం వేటగాళ్ళ అలవాటు.

"పిండి మాకు ఊరికే రాదు మావా" అనేవాణ్ణి.

"గాలి ఊరికే వత్తంది కదేటి. సూసుకోనీ."

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల అతనంత వేటగాడు లేడు. నాలుగు కుక్కలుండేవి. చైత్రంలో ఇటుకల పండక్కి మగాళ్ళంతా విల్లంబులు పట్టుకుని కొండెక్కుతారు. వేట దొరక్క ఉత్త చేతులతో దిగినవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. మావ మీద మాత్రం ఆ నీళ్ళు పడేవి కావు. కుక్కలు జింకను తరిమి తరిమి అలసగొట్టేవి, అతను తాపీగా వెనక వెళ్ళి పని ముగించేవాడు. మాంసం ఊరంతా వాటాలేసుకునేవారు. కుక్కలకీ ఒక వాటా ఉండేది.

ఒక యేడు ఆ నాలుగూ ఒక జింకను తరుముకుంటూ ఊళ్ళోకే వచ్చేశాయి. అది మా పెరట్లో దూరి, గోడకీ పసుపు బస్తాలకీ మధ్య ఇరుక్కుపోయింది. నోరు తెరుచుకుని, డొక్కలెగరేస్తూ నిలబడింది. నేను చెంబు పట్టుకుని పెరటి గుమ్మంలో ఉన్నాను. వెనకే మావ పరిగెత్తుకొచ్చాడు. అది అతని వైపు చూసింది. అతను విల్లు దించేసి కుక్కల్ని పిలిచాడు. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచాడు. తన చేత్తో అంబలి పోసి పెంచిన కుక్కలు, ఒక్కటీ తల తిప్పలేదు. వింటి కర్రతో కొట్టినా ఆగలేదు. మిగతాది రాయలేను. తర్వాత మా తొట్టి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుని, "నేను పిలిసినాను. నువ్వూ ఇన్నావు కదా" అన్నాడు. విన్నానన్నాను.

మూడు కుక్కల్ని తమ్ముడికిచ్చేశాడు. ఒకదాన్ని ఉంచుకుని, మరుసటి పండగ పొద్దున్న దాన్ని తెచ్చి మా అరుగు స్తంభానికి కట్టి, ఒక్కడూ కొండెక్కాడు. ఆ కుక్క ముసలిదై పోయింది, దాని పిల్ల వచ్చింది, దాని పిల్లా వచ్చింది. స్తంభం అదే. "కుక్క నేకుండా యాటేటి, గడ్డి కోతకెల్లినట్టు" అని తమ్ముడు వెక్కిరించేవాడు. సాయంత్రం తమ్ముడి జట్టు జింకతో దిగేది, మావ ఉత్త చేతులు ఊపుకుంటూ వచ్చేవాడు. మొదటి కుండ అత్తదే. పేడ ఓడుతూ మా కొట్టు ముందు నుంచే నడిచేవాడు. తెల్లచొక్కా వేసుకుని బల్ల మీద కూర్చున్న నేను ముక్కు మూసుకుని నవ్వేవాణ్ణి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఒకసారి, కుక్కను ఎందుకు కట్టేస్తున్నావని అడిగాను.

"కుక్కల్ని ఒదిలినాక ఇంక నీ సేతిలో నేదు సావుకారూ. ఒక్కడివే ఎల్తే ఆకరి దాకా నీ సేతిలోనే ఉంటాది. ఆపాలంటే ఆపొచ్చు."

"ప్రతీ యేడూ ఆపేస్తే ఎలా మావా?"

"అది నా ఏపు సూత్తాది. ఆపబుద్ధేత్తాది. ఏటి సెయ్యను?" అని, వేళ్ళకంటిన పిండి దులుపుకుని, "మీ అత్తకి సెప్పకు. గురి పోనాదనుకుంటంది. అనుకోనీ" అన్నాడు.

అలాగని నీతులు చెప్పేవాడు కాదు. తమ్ముడి కుక్కలు కొట్టిన మాంసంలో తన వాటా వస్తే, కారం సరిపోలేదని గొణుగుతూ తినేవాడు.

పదో రోజున అత్త దగ్గర కూర్చుని, ఇంక దాచడం నావల్ల కాక, ఆ సంగతి చెప్పేశాను. ఆవిడ నోట్లోని చుట్ట తీసి నన్ను వింతగా చూసింది.

"నాకు తెల్దనుకున్నావేటి అల్లుడా? ఆడు ఇల్లు కదలక ముందే పేడ కలిపీసీదాన్ని."

నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ యేడు ఎవుల మీద పొయ్యాల?" అని అడిగింది.

మొన్న పండగొచ్చింది. ఫారెస్టువాళ్ళ కట్టడి వచ్చాక గూడెంలో చాలామంది ఉత్త చేతులతోనే దిగుతున్నారు, పేడనీళ్ళు అందరికీ పడుతున్నాయి. చావింట్లో మాత్రం ఈ యేడు పండగ లేదు. పొద్దున్న తలుపు తీసేసరికి మావ కుక్క మా స్తంభం దగ్గర కూర్చుని ఉంది. ఎవరూ తేలేదు, అదే వచ్చింది. తాడు తెచ్చి కట్టాను. డబ్బాలోంచి చిటికెడు పిండి తీసి గుమ్మం బయట వదిలాను. గాలి ఎటుందో నాకేం అర్థం కాలేదు. కొట్టు మూసి, గూడెం మధ్య నుంచే కొండ దారి పట్టాను. అత్త గుమ్మంలో నిలబడి నేను వెళ్ళడం చూసింది. మావ కూర్చునేవాడని విన్న వాగు పక్కన సాయంత్రం దాకా కూర్చున్నాను. చీమలు కుట్టాయి. జింక కాదు కదా, కుందేలు కూడా రాలేదు.

దిగేసరికి మిగతా ఆడవాళ్ళు వీధి చివర గోల చేస్తున్నారు. అత్త ఒక్కర్తే తన గుమ్మం ముందు కుండతో నిలబడి ఉంది.

"ఏటి తెచ్చినావు?"

"ఏమీ లేదత్తా" అని రెండు చేతులూ చూపించి, తల వంచాను.

కుండ మొత్తం పోసేసింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. పొద్దున్నే కలిపి, ఎండలో పెట్టి ఉంచింది.