పచ్చి బాలింత, మూసిన అద్దాలు

చెల్లెలి పాప పుట్టి వారం కూడా కాలేదు. ముందురోజు సాయంత్రం నుంచి రొమ్ము పట్టడం మానేసింది. నోటికి అందిస్తే పెదవి కదపదు, అరికాలు గిల్లినా కళ్ళు తెరవదు. తెల్లవారేసరికి ఏడుపు కూడా ఆగిపోయింది. ఏడ్చే పిల్లతో విసుగేగానీ, ఏడవని పిల్లతో ఎంత భయమో ఆ పొద్దు తెలిసింది నాకు.

మా అమ్మ వాళ్ళ ఊరు పాల్వంచ దాటాక, అడవి అంచున. అక్కడినుంచి భద్రాచలం దవాఖానాకు బయలుదేరాం. చెల్లెలి భర్త బొగ్గు బావిలో రాత్రి షిఫ్టుకు పోయి ఇంకా ఇంటికి చేరలేదు. కారు నాది, తోలేదీ నేనే. వెనక సీట్లో చెల్లెలు, దాని ఒళ్ళో పాప, పక్కన అమ్మ.

ఊరు దాటామో లేదో ముందు అద్దం తెల్లబడింది. బయటి మంచే అనుకుని వైపర్ వేశాను. అది కిర్రుకిర్రుమంటూ ఊగిందేగానీ రోడ్డు మాత్రం కనబడలేదు. ఆవిరి లోపలిది. మూసిన కారులో మా ఊపిరే అద్దానికి పట్టింది. వేడిగాలి మీట ఒకటి ఉంటుందట. ఖమ్మం ఎండల్లో కారు తోలేదాన్ని, దాని జోలికి ఎప్పుడైనా పోతే కదా! నాకు తెలిసింది ఒక్కటే, అద్దాలు దించడం. దించనిచ్చేదెవరు?

“పచ్చి బాలింతనే అది! శీతగాలి సోకితే సన్నిపాతం కొడ్తది. ఇగ పసిగుడ్డు సంగతి జెప్పాల్నా? అద్దం మీద చెయ్యేసినవంటే మంచిగుండదు!” అంది అమ్మ. చెల్లెలి చెవుల్లో దూది కుక్కి, తలకు తువ్వాలు బిగించింది కూడా ఆవిడే.

“నాకు తొవ్వ కనబడ్తలేదమ్మా!”

“గంతేనా, నేను తుడుస్త పో.” సీట్ల మధ్యనుంచి ముందుకు వంగి అరచేత్తో అద్దం తుడిచేసింది. రాత్రంతా పాపకు ఆముదం రాసిన చెయ్యి అది. ఉన్న ఆవిరికి జిడ్డు తోడయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు!

సరిగ్గా అప్పుడే మలుపులో బొగ్గు లారీ ఎదురైంది. దాని లైట్లు ఆ జిడ్డులో చెదిరిపోయి అద్దమంతా పసుపు పూసినట్టయింది. లారీ ఎటుందో, రోడ్డు ఎటుందో తెలియలేదు. స్టీరింగు ఎడమకు తిప్పేశాను. చక్రాలు మట్టిలోకి దిగాయి, కొమ్మలు తలుపును గీకాయి. లారీ పక్కనుంచి దూసుకుపోతుంటే కారు మొత్తం ఊగింది. ఆగాక కూడా బ్రేకు మీదనుంచి కాలు తీయడానికి భయమేసింది. చస్తానేమోనని కాదు. ఆ పిల్ల ప్రాణం నా చేతిలో పోతుందేమోనని.

“ఆగినవేందే? పోనియ్యి జల్దీ!” అంది అమ్మ.

“గుడ్డిదాని లెక్క తోలమంటవా?” అరిచాను.

“అద్దాలు దించక్కా.” చెల్లెలు. దాని గొంతులో తడబాటు లేదు. “అందరం పోయి చెట్టుకు గుద్దుకుంటె ఇదొక్కతి బతుకుతదా?” అంటూ జాకెట్ గుండీలు విప్పి, పాపను ఒట్టి ఎదకు ఆనించుకుని శాలువా చుట్టుకుంది. అమ్మ తన దుప్పటి తీసి ఇద్దరికీ కప్పింది. కిటికీకి వీపు పెట్టి, వచ్చే గాలికి అడ్డంగా కూర్చుంది.

అద్దాలు దించాను. చలి ముఖం మీద చెంపదెబ్బ కొట్టింది. ఆవిరి అంచులనుంచి కరుగుతూ వచ్చి రోడ్డు కనబడింది. ఒక భయం పోయిందనుకుంటే ఇంకోటి పట్టుకుంది. ఈ గాలికి ఆ పిల్ల తట్టుకోగలదా?

“ఉందా?” అన్నాను. ఊపిరి అనే మాట నోట రాలేదు.

“ఉంది.”

కాసేపాగి మళ్ళీ అడిగాను. ఉందంది. సారపాక దాకా అదే అడగడం, అదే చెప్పడం.

వంతెన ఎక్కాం. గోదావరి మీదనుంచి మంచు లేచి కమ్ముకుంటోంది. ముందు బస్సు, వెనక లారీ. ఆపే వీలు లేదు, తిరిగి చూసే ధైర్యమూ లేదు.

“ఉందా?”

జవాబు లేదు.

“చెల్లే, ఉందా? అమ్మా, నువ్వన్న జెప్పు!”

అమ్మ ముక్కు చీదిన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అవతలి ఒడ్డున ఉన్న రామయ్యకు నా తలనీలాలు మొక్కుకున్నాను. ఆ వంతెన ఎంతకీ తరగలేదు.

దిగీ దిగగానే కారు రోడ్డు మీదే ఆపేశాను. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొట్టాడు. కొట్టుకోనీ. వెనక్కి తిరిగాను. చెల్లెలి కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. శాలువా అంచు కాస్త పక్కకు జరిపి చూపించింది. పాప కళ్ళు మూసుకునే ఉంది. బుగ్గ మాత్రం కదులుతోంది. మెల్లగా, ఆగి ఆగి, గుటక వేస్తోంది.

“మాట్లాడితె ఇడిసిపెడ్తదేమోనని...” అంది చెల్లెలు, వినీ వినబడనట్టు.