టేపు మీద బొటనవేలు

పాకిస్తాన్ యుద్ధమైన మూడేళ్ళకు నేను పదకొండో తరగతి పాసయ్యాను. మిలట్రీలో చేరాలనుకునే కుర్రాళ్ళం ముందుగా రాజాం బజారులోని ఒక దర్జీ దగ్గర ఛాతీ కొలిపించుకునేవాళ్ళం. ఆయన టేపు చుట్టి, అంకె మీద బొటనవేలు అదిమిపెట్టి, మాకు కనపడకుండా తానొక్కడే చూసుకునేవాడు.

“నీ ఛాతీ సాల్దురా. మిలట్రీ వద్దు, నేవీకెల్లు,” అన్నాడు నాతో.

“మిలట్రీకి సాలనిది నేవీకెలా సాల్తాది?”

“సాల్తాదిలే.”

నా స్నేహితులిద్దరికీ అదే మాట చెప్పాడని తెలిశాక అనుమానం ముదిరింది. మమ్మల్ని నేవీకి పంపితే ఈయనకేం లాభం? చీపురుపల్లిలో ఇంకో దర్జీ చేత కొలిపించుకున్నాను. కావలసినదానికంటే రెండంగుళాలు ఎక్కువే ఉంది. తిరిగొచ్చి నిలదీశాను.

ఆయన మిషను ఆపలేదు, తలెత్తలేదు.

“యుద్ధం ముందర ఇద్దరు పిల్లలకి ఉన్నదున్నట్టు సెప్పీసినాను. మిలట్రీకెల్లినారు. మల్లీ రానేదు. నేవీ అయితే ఇశాపట్నంలో ఉంటావు. మీయమ్మ ఒచ్చి సూసుకుంటాది.”

ఆ ఇద్దరూ ఎవరని రాజాంలో చాలామందిని అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆయన మాట నేను నమ్మనూ లేదు. అయినా మరుసటి నెల విశాఖపట్నం వెళ్ళి నేవీలోనే చేరాను.