దమయంతి మీద ఎత్తిన జెండా

ఇరవై ఏళ్ళకు పైగా నా కుడిచెయ్యి బరువుగా ఉంది. బస్సు ఆపడానికి ఎత్తినా, పై అరలో కాఫీ డబ్బా అందుకోవడానికి ఎత్తినా, భుజం దగ్గర ఎవరో పట్టుకున్నట్టు ఉంటుంది. ఈపో పట్నంలో పెద్ద డాక్టరు చూసి, ఇలాంటి చెయ్యి తన సర్వీసులో చూడలేదన్నాడు.

అబద్ధం. నేను ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. చేతికి జబ్బేమీ లేదు. చూశారా, మోస్తున్న బరువు గురించి చెప్పబోయి మూడో వాక్యానికే కోతలు మొదలుపెట్టాను. మా తాత సిక్కోలు వైపు నుంచి రబ్బరు గీయడానికి ఓడెక్కి మలయా వచ్చినవాడు. ఆయన ఓడలో సొరచేపతో కలబడ్డాడని నా చిన్నప్పుడే బళ్ళో చెప్పినవాణ్ణి నేను. నన్ను నమ్మకండి. కానీ ఈ ఒక్కసారి చివరిదాకా చదవండి. మీకు కాక ఇంకెవరికి చెప్పను?

మేముండేది సుంగై సిపుట్ అనే ఊళ్ళో. ఉద్యోగం ఫ్యాక్టరీ స్టోర్లో చేశాను. ఆదివారాలు మాత్రం ఫుట్‌బాల్ లైన్‌మన్‌ని. మా వైపు కాలేజీ ఆడపిల్లల కప్పు ఒకటి ఏటా జరుగుతుంది. మొదటి ఏడు నుంచి మైదానం గీత పక్కన జెండా పట్టుకుని పరుగెత్తాను. ఆడపిల్లలంతా నన్ను ‘లైన్ మావ’ అనేవారు. ఏ కాలేజీ ఎప్పుడు గెలిచిందో, ఎవరు ఎవరిని ఓడించారో కాగితం చూడకుండా చెప్పగలిగేది నేనొక్కణ్ణే కాబట్టి, మెల్లగా ఆ కప్పు చరిత్ర కూడా నా నోట్లోనే ఉండిపోయింది. ఇక అడగాలా? మొదటి ఏడు ఆడింది నాలుగు జట్లు. నేను ఎనిమిదంటాను. మొదటి ఫైనల్లో వాన నీళ్ళ మీద తేలుతూ బంతి గోల్లోకి వెళ్ళిందంటాను. వాన పడింది. బంతి తేలలేదు. కప్పు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిందంటాను. ఈపోలో ట్రోఫీలమ్మే కొట్టు నుంచి మోటారుసైకిలు మీద నేనే తెచ్చాను.

ఈ కోతలు ఎవరికీ చెడు చెయ్యలేదు. పిల్లలు నవ్వుకున్నారు. నేను చెప్పవలసిన కోత ఇది కాదు.

ఈ ఏడు కాలేజీవాళ్ళు సావనీరుకి ఆ టోర్నమెంటు చరిత్ర మలయ్ భాషలో రాసిమ్మన్నారు. కూర్చున్నపాటున ఎనిమిదేళ్ళ చరిత్ర రాశాను. తొమ్మిదో ఏటి దగ్గర పెన్ను ఆగింది. ఆ ఏటి సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అందుకే ఆగింది.

ఆ ఏడు ఫైనల్లో ఒక పక్క దమయంతి ఆడింది. ఇది ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు ఇప్పటికే చాలా నోళ్ళలో నలిగింది. మనవాళ్ళ పిల్ల. తండ్రి ఎస్టేటులో లారీ తోలేవాడు. ఆడపిల్ల నిక్కరు వేసుకుని పరుగెత్తడం ఆయనకు ఇష్టం లేదు. ఈ కప్పు దాకా ఆడు, గెలిస్తే ఆలోచిద్దాం, లేకపోతే మానెయ్ అన్నాడు. ఈ సంగతి మైదానంలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా.

లైన్‌మన్ పని తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. తన జట్టుపిల్ల బంతిని తన్నే క్షణానికి, ముందు పరుగెత్తే పిల్ల అవతలి జట్టు చివరి కాపలామనిషిని దాటి ఉండకూడదు. దాటి ఉంటే ఆఫ్‌సైడ్. గోలు కొట్టినా చెల్లదు. ఆ క్షణాన్ని చూడడానికే లైన్‌మన్ ఉన్నాడు. అందుకే అతను పక్కకు పక్కకు, ఎండ్రకాయలా పరుగెత్తుతాడు. ఏం జరిగినా మైదానానికి వీపు చూపకూడదు. మాకు నేర్పిన మొదటి పాఠం అదే.

ఆట ఇంకా పది నిమిషాలుందనగా, ఎవరికీ గోలు లేదు. ఎదురెండ. పడమటి సూర్యుడు నేరుగా నా కళ్ళలో పడుతున్నాడు. దానికి తోడు ఎస్టేటు నుంచి వచ్చినవాళ్ళు కిరసనాయిలు డబ్బాలు మోగిస్తున్నారు. ఆ మోతలో, ఆ ఎండలో...

కాదు. ఎండ నా వెనక నుంచి వస్తోంది. డబ్బాలు మోగించింది సెమీఫైనల్ రోజున. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకున్న సాకు ఇది. చెయ్యి అలవాటుగా రాసేసింది. కొట్టివెయ్యను. ఉండనివ్వండి.

నిజం ఏమిటంటే, నేను మైదానానికి వీపు పెట్టి ఉన్నాను. ఆ రోజు రెఫరీ లావుపాటి మనిషి. నిక్కరు జారుతుంటే ఒక చేత్తో పైకి లాక్కుంటూ, ఇంకో చేత్తో విజిలు పట్టుకుని పరుగెత్తుతున్నాడు. గీత వెనక గొడుగులేసుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. బంతి అవతలి చివర ఉంది కదా అని, వాళ్ళవైపు తిరిగి ఆయన నడక నడిచి చూపించాను. నవ్వారు. ఒకామె నవ్వు ఆపుకోలేక గొడుగు వదిలేసింది. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు అడుగులు నడిచాను. ఆ నాలుగు అడుగులే.

వెనక అరుపు లేచింది. తిరిగాను. బంతి ఇవతలికి వచ్చేసింది. దమయంతి ఒక్కతే ఉంది. కాలి దగ్గర బంతి, ముందు గోల్‌కీపరు, వెనక ఐదారు గజాల దూరంలో కాపలాపిల్లలు. ఇంత ఒంటరిగా ఎలా వచ్చింది? దొంగతనంగా వచ్చి ఉండాలి. ఇలా ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు ఆలోచనేమీ లేదు. చెయ్యి లేచింది. జెండా లేచింది. బంతి గోల్లో పడింది. విజిలు మోగింది.

రెఫరీ నా దగ్గరికి వచ్చి, ఎంత ముందుందని అడిగాడు. అప్పుడైనా చెప్పవచ్చు. ఒక్క మాట చాలు. నేను రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, మధ్యలో రెండడుగుల ఎడం చూపించాను. లేని దూరాన్ని కొలిచి చూపించాను. చేపలు పట్టేవాడు కూడా పట్టిన చేపనే పెద్దది చేస్తాడు. నేను పట్టని చేపకు కొలత ఇచ్చాను.

అదనపు సమయంలో అవతలి జట్టు గెలిచింది. దమయంతి ఆట మానేసింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. తప్పు చూపు అందరికీ ఉంటుంది, మరిచిపోతారు. కానీ నేను చరిత్రకారుణ్ణి కదా. పెళ్ళిళ్ళలో చెప్పాను, చావిళ్ళలో చెప్పాను. ‘పదివేల కళ్ళు చూడనిది రెండు కళ్ళు చూశాయి’ అని పాత సావనీరులో ఒక వాక్యం ఉంది. దాని కింద ఎవరి పేరూ లేదు. రాసింది నేనే. అప్పటినుంచి పిల్లల్లో ఒక మాట పుట్టింది. ఎవరైనా తొందరపడి ముందుకు దూకితే ‘లారి దమయంతి’ అంటారు. మలయ్‌లో లారి అంటే పరుగు. ఆమె ఎవరో తెలియని మలయ్ పిల్లలూ చైనా పిల్లలూ కూడా అంటారు. నా కోతలన్నిటిలో నా పేరు లేకుండా బతికిపోయింది ఇదొక్కటే.

ఎనిమిదేళ్ళ తర్వాత ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పొద్దున్నే కడైలో, అంటే ఇక్కడి కాఫీ కొట్టులో, రొట్టి తింటున్నాను. చుట్టూ ముగ్గురు స్నేహితులు. నమ్ముతారో లేదో, ఆ కథే చెబుతున్నాను. నా చేతులు గాలిలో ఉన్నాయి, రెండడుగుల ఎడంతో. ఆమె బల్ల దగ్గర నిలబడి అది చూసింది.

“బాగున్నావా లైన్ మావా?”

“ఓ, నువ్వా అమ్మా. కూకో. రొట్టి తింతావా?”

“ఒద్దు మావా. ఒక్క మాట అడిగెల్లిపోతాను. ఆ దినం నాను ముందున్నానా?”

“ఏల అమ్మా ఇప్పుడు ఆ కత?”

“కాలేజీలో ఆడగుంటలకి ఆట నేర్పమని అడగతన్నారు. నా లెక్కకైతే నాను ముందు లేను. నాకు అందించిన పిల్ల కాలు బంతికి తగిలినాక కదిలినాను. ఇప్పటికీ కళ్ళ ముందర అలాగే అవుపడతాది. మరి నా కళ్ళే తప్పైతే, నాను ఏటి నేర్పగలను? నువ్వు సూసినావు కదా. నువ్వు సెప్పిందే నమ్మతాను.”

ఆమె గొంతులో కోపం లేదు. నన్ను నిలదీయడానికి రాలేదు. తన కళ్ళను నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి వచ్చింది. ప్రపంచంలో ఆ తీర్పు చెప్పగలిగినవాడు ఒక్కడే అనుకుంది. ఆ ఒక్కడికి ఎదురుగా ముగ్గురు స్నేహితులు కూర్చుని, కథ ముగింపు కోసం చూస్తున్నారు.

“రెండడుగులు ముందున్నావమ్మా. ఈ కళ్ళతోనే సూసినాను.”

ఆమె కాసేపు నా చేతులవైపు చూసింది.

“సరే మావా. అయితే తప్పు నాదే. మీరు తినండి, సల్లారిపోతంది.”

వెళ్ళిపోయింది. స్నేహితుల్లో ఒకడు, “గెద్ద కళ్ళురా మనోడివి. ఆ యమ్మే వచ్చి ఒప్పుకున్నాది సూడు,” అన్నాడు. నేను నవ్వాను. రొట్టి కూడా పూర్తిగా తిన్నాను. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, గొంతు దిగలేదని రాయబోయాను. దిగింది.

జెండా ఎత్తినది తప్పు. దాన్ని నేను అంతగా లెక్కచెయ్యను. ఆలోచించే లోపల లేచిన చెయ్యి అది. కానీ కడైలో ఆలోచించడానికి సమయం ఉంది. ఆమె అడిగింది ఎంత చిన్న మాట. నేను కాపాడుకున్నది ఏమిటి? పరువా? ఏం పరువు? ముగ్గురు ముసలివాళ్ళ ఎదుట ఒక కథ చెడిపోకుండా చూసుకున్నాను, అంతే. దానికోసం ఒక మనిషి కళ్ళను ఆమె దగ్గరనుంచి తీసేసుకున్నాను.

ఆమె ఆ పిల్లలకు కోచ్ అయింది. మంచి జట్టు. ఏటా సెమీఫైనల్ దాకా వస్తారు, ఓడిపోతారు. ఎందుకో చాలాకాలం నాకు తెలియలేదు. ఇప్పుడు జెండా పట్టడం లేదు కాబట్టి కూర్చుని ఆట చూస్తున్నాను. ఈ ఏడు సెమీఫైనల్ చూశాను. ఆమె పిల్లలు పరుగు అందుకోబోయే ముందు ఆగుతారు. ఒక్క రెప్పపాటు. బంతి తన్నిన చప్పుడు విన్నాక, అప్పుడు కదులుతారు. ముందు వరసలో ముగ్గురూ అంతే. ఆ రెప్పపాటులో అవతలివాళ్ళు తిరిగేస్తారు, బంతి పోతుంది. ఆ ఆటలో ఒక్కసారి కూడా ఆఫ్‌సైడ్ కాలేదు. ఒక్క గోలు కూడా కొట్టలేదు. విరామంలో ఆమె ఒక పిల్ల భుజం పట్టుకుని చెబుతుంటే విన్నాను.

“నీ కళ్ళని నమ్మొద్దమ్మా. కళ్ళు మోసం సేస్తాయి. సెవులతో ఇని, అప్పుడు లారి.”

రెండో సగమంతా నేను బంతిని చూడలేదు. ఆ పిల్లల కాళ్ళనే చూశాను. ముగ్గురూ ఆగినప్పుడల్లా, కడైలో గాలిలో ఉన్న నా రెండు చేతులే కనిపించాయి. ఈ పిల్లలు నేను జెండా ఎత్తిన రోజుకు పుట్టలేదు. వాళ్ళు ఆగుతున్నది నా అబద్ధం దగ్గర. వీళ్ళలో రేపు ఒకరు ఇంకో జట్టుకు నేర్పుతారు. అక్కడా ఆగుతారు. నేను పోయాక కూడా ఏదో మైదానంలో ఎవరో ఒక పిల్ల, ఎందుకో తెలియకుండానే, ఒక్క రెప్పపాటు ఆగుతుంది. దయ్యాలంటే ఇవేనేమో. నాకు ఇంతకుముందు వాటిమీద నమ్మకం లేదు.

ఇక్కడ మీరు ఒకటి అనుకుంటారు. ఆమె ముందు లేదని చెప్పేస్తే సరిపోతుంది కదా అని. అదే చెప్పలేను. దాని గురించే ఎక్కువ నిద్ర పోగొట్టుకున్నాను. ఆమె ఆఫ్‌సైడ్ కాదని చెబితే అది ఇంకో కోత అవుతుంది, కాకపోతే వినడానికి తియ్యగా ఉండే కోత. ముందుందో లేదో నాకు తెలియదు. ఆ క్షణంలో నేను గొడుగుల వైపు తిరిగి, రెఫరీలా నిక్కరు లాక్కుంటూ నడుస్తున్నాను. ఆ గోలును ఆమెకు తిరిగి ఇచ్చే శక్తి కూడా నాకు లేదు. నేను ఇవ్వగలిగింది, నా దగ్గర ఏ తీర్పూ లేదన్న మాట ఒక్కటే. ఇన్నేళ్ళూ ఉన్నట్టు నటించాను.

సావనీరుకి ఇచ్చిన మలయ్ కాగితంలో తొమ్మిదో ఏటికి జట్ల పేర్లూ గోలూ రాసి వదిలేశాను. మిగిలింది ఇక్కడ, తెలుగులో రాశాను. తెలుగెందుకు? మా నాన్న లాంతరు ముందు కూర్చోబెట్టి నేర్పిన లిపి, మనసులో మాటకు ఇదే దారి అని రాయబోయాను. అసలు కారణం వేరు. దమయంతికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మా ఊళ్ళో ఇప్పుడు ఈ అక్షరాలు చదివేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. చూశారా ముసలివాడి తెలివి? దాక్కోవడానికి చోటు చూసుకుని, అక్కడ కూర్చుని ఒప్పుకుంటున్నాడు. మీరు దూరాన ఉన్నారు. మిమ్మల్ని ఎంచుకున్నదీ అందుకే.

ఆమెకు ఇది చేరాలంటే నేనే గొంతెత్తి చదివి వినిపించాలి. వేరే దారి లేదు. వినిపిస్తానని రాయను. నేను రాసే వాగ్దానాల విలువ మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. కానీ ఇందాక వంటింట్లో తలుపు వేసుకుని, మొదటినుంచి ఒకసారి పైకి చదివాను. గొడుగుల సంగతి దగ్గర ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను. రెండోసారి ఆగలేదు. కాగితంలో ఉన్న మాటలు నోట్లోకి వచ్చేసరికి మా ఇంటి మాటలైపోయాయి. ఎవరూ అడగకుండానే, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీతో చెప్పాను.

“నాను సూడలేదమ్మా.”

చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి.